జనవరి ఒకటిన గుంటలో నీళ్లు

బెజవాడలో నేను పనిచేసే పాత ఫోటోల భాండాగారాన్ని నమ్మితే, ఈ డెల్టాలో జనమంతా జనవరి ఒకటినే ఫోటోలు దిగారు. పెళ్లిళ్లు, వరదలు, కూచిపూడి పిల్లల గజ్జెపూజలు, అన్నీ ఆ ఒక్కరోజే! మా కంప్యూటర్లో తేదీ గడికి రోజు, నెల, సంవత్సరం మూడూ పెడితేగానీ అది ముందుకు కదలదు. సంవత్సరం ఒక్కటే తెలిస్తే జనవరి ఒకటి వేసి పారేయమన్నారు మా డైరెక్టరుగారు. "సుమారు అని రాద్దామండీ" అన్నాను. "సుమారు అనేది తేదీ కాదండీ" అని జ్ఞానబోధ చేశారు, మహానుభావుడు.

మొన్న ప్రదర్శనకి మంగళగిరి నుంచి ఒకావిడ వచ్చింది. చేనేత కుటుంబం, జుట్టంతా నెరిసింది. గుంటమగ్గం పక్కన కూర్చున్న వాళ్లమ్మ ఫోటో మాకిచ్చింది ఆవిడే. తల్లికి ఉన్న ఫోటో అదొక్కటేనట. కింద మేము అంటించిన చీటీ చదివి నేరుగా డైరెక్టరుగారి గదిలోకి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను, వినోదం ఎందుకు వదులుకోవాలి!

"ఇదేందండీ, జనవరి అని రాశారు? నేను ఆ ఏడు కార్తీకంలో పుట్టాను. జనవరికి నేనింకా కడుపులోనే పళ్లేదు."

"మీ పుట్టుకకీ దీనికీ ఏంటమ్మా సంబంధం?"

"నన్ను కనంగానే మా అమ్మ పోయిందండీ. మేమిద్దరం కలిసున్న ఫోటో ఇదొక్కటే. మీరు జనవరి అంటే ఇందులో నేను లేనట్టేగా?"

నేను వెళ్లి ప్రదర్శనలోంచి ఆ ఫోటో తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. నేతగాళ్లు కాళ్లు పెట్టుకునే గుంట నిండా వాననీళ్లు. పని ఆగిపోయి వాళ్లమ్మ గట్టున ఊరికే కూర్చుంది.

"జనవరిలో గుంట నిండేంత వానలేంటి సార్?"

"ఎవరైనా పోసుండొచ్చు కదండీ!"

ఆహా, ఏం పరిశోధన! మగ్గం గుంటలో బిందెలతో నీళ్లు పోసే నేతగాణ్ణి ఈయనే కనిపెట్టాలి.

వాదించి లాభం లేదు. కంప్యూటర్ దగ్గరికెళ్లి తేదీ గడిని దాని ఖర్మానికి వదిలేశాను. వివరణ గడిలో మాత్రం, "వానాకాలం. మగ్గం గుంటలో నీళ్లు. తల్లీ, కూతురూ" అని కొట్టి, కొత్త చీటీ తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఫోటో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఒక్కరేగా ఉన్నారు. కూతురేదండీ?"

ఎదురు కుర్చీలో కూర్చున్న ఆవిడ ముందుకు వంగి, ఫోటోలో తల్లి పొట్ట మీద వేలు పెట్టింది.

"ఇదిగోనండీ."