మా అప్పన్న అన్నియ్య, ఆ రెండు దెబ్బలు

నిన్న పొద్దున్న టీ పెట్టుకుంటంటే ఫోన్ మోగింది. బ్యాంకాక్ నంబర్.

మా వదిన. ఆవిడ థాయ్ మనిషి, తెలుగు ముక్క రాదు. "సిస్టర్, అప్పన్న గాన్" అన్నాది.

ఎక్కడికి అని అడిగాను.

అప్పుడు ఏడిసింది.

పాలు పొంగి స్టవ్వంతా పోయాయి. మా అన్నియ్య పోయాడు. ఎనభై దగ్గర పడ్డాయి, నిజమే. అయినా మా అన్నియ్యేటి, పోవడమేటి?

ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా మనవడొకడు "తాత ప్రొఫెషనల్ గోల్ఫరా? ఏం గెలిచారు? గూగుల్‌లో ఏం రావట్లేదు" అని రాసాడు.

ఒరే, గూగుల్‌కేటి తెలుసురా? నేను సెప్తాను, సదువు.

అరవైల సివర. మాది నౌపడ. అయ్య, అమ్మ, అన్నియ్య, నేను, ఇంటిల్లిపాదీ ఉప్పుమడుల్లోనే పని. సీజన్ ముందు మడి అడుగు గట్టిపడాలంటే కాళ్ళతో తొక్కాలి. వరసగా నిలబడి, మడమ నొక్కి, అంగుళం వదలకుండా. నడక వచ్చిన కాడ్నుంచీ తొక్కినోళ్ళం. మెత్తటి నేల కనబడితే మా కాళ్ళు ఊరుకోవు.

వానాకాలం ఉప్పు పని ఉండదు కదా. అన్నియ్య వైజాగ్ వెళ్ళి గోల్ఫ్ గ్రౌండ్‌లో ఆఫీసర్ల బ్యాగులు మోసేవాడు. ఎవరో పారేసిన పాత స్టిక్ ఒకటి దొరికింది. ఆళ్ళు వెళ్ళిపోయాక దాంతో కొట్టడం.

మూడేళ్ళకి ఆ ఆఫీసర్లనే ఓడించేసాడు. ఆళ్ళే అన్నారు, కలకత్తాలో సెలక్షన్ అవుతాది, నెగ్గితే ప్రొఫెషనల్‌గా ఆడొచ్చని.

అయ్య ఒప్పుకోలేదు. బతిమాలగా బతిమాలగా, "ఒక్కపాలి ఎల్లు. అవ్వకపోతే నోరు మూసుకుని మడిలోకి దిగాల" అన్నాడు.

కలకత్తాలో రెండ్రోజులు బ్రహ్మాండంగా ఆడాడట. ఆఖరి హోల్ మిగిలింది. ముందురోజు వాన పడింది, బాల్ మెత్తటి నేల మీద పడింది.

అన్నియ్య కాలు ఊరుకోలేదు.

బాల్ ఎనకాల నేలని మడమతో రెండుసార్లు తొక్కేసింది, మడిలో తొక్కినట్టే. గోల్ఫ్‌లో అది తప్పు. షాట్ తేలికవ్వడానికి నేల సదును చేసుకున్నట్టు లెక్క. రెండు దెబ్బలు ఎక్కువ రాస్తారు. ఆ ఆటలో ఎన్ని తక్కువ దెబ్బలైతే అంత గొప్ప.

ఎవరూ సూడలేదు. సెలక్షన్‌కి బ్యాంకాక్ నుంచి వచ్చి పక్కన ఆడుతున్న ప్లేయర్ కూడా ఎటో సూస్తన్నాడు.

మా వోడు తనే సెయ్యెత్తి సెప్పేసాడు.

ఒక్క దెబ్బ తేడాలో సెలక్షన్ పోయింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు సెప్పాడు. అమ్మ అడిగింది, "ఎవులైనా సూసారేట్రా?"

"నేదమ్మా."

"మరెందుకు సెప్పావురా?"

"నాను సూసాను కదా."

అమ్మ నెత్తి కొట్టుకున్నాది. నేనైతే పిచ్చోడివని తిట్టి రెండ్రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు గొప్పగా రాస్తన్నాను గానీ, ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

మాట ప్రకారం అన్నియ్య మడిలోకి దిగాడు. దిగి, అయ్యతో ఒకటే మాట అన్నాడు. "పని మానను. వచ్చే ఏడు మళ్ళీ ఎల్తాను." "ముందు ఆ మూల తొక్కు" అన్నాడు అయ్య.

ఇంక సూడండి ఆ సంవత్సరం! పగలంతా తొక్కడం పని. సాయంత్రం తొక్కకుండా ఉండడం ప్రాక్టీసు. రెండూ ఆ కాలితోనే.

నా సేతికి సరుగుడు బెత్తం ఇచ్చాడు. "మడమ లేస్తే కొట్టెయ్యే" అన్నాడు. కొట్టాను. తిట్టిన కోపం ఇంకా తీరలేదు కదా, బాగానే కొట్టాను.

"ఒసే, మెల్లిగా కొట్టవే!"

"నువ్వే కదరా కొట్టమన్నావు!"

పిక్కల నిండా వాతలే. నూతి దగ్గర ఆడోళ్ళు "నీకింకా పెళ్ళి కానేదు కదరా, ఎవులు కొడతన్నారు?" అని ఆడుకునేవారు. నవ్వేసి, సాయంత్రానికి మళ్ళీ వచ్చి నిలబడేవాడు. ఒక్క రోజు మానలేదు.

ఎండలు ముదిరేసరికి నాకు కొట్టే పనే లేకుండా పోయింది.

తర్వాతేడు కలకత్తా నుంచి టెలిగ్రాం. సెలెక్ట్ అయ్యాడు. అయ్య పోస్ట్‌మేన్ సేత రెండుసార్లు సదివించుకుని, "అయితే మడికి ఇంకో మనిషిని సూసుకోవాల" అన్నాడు. మా అయ్య మెచ్చుకోవడమంటే అదే.

మొదటేడు పక్కన ఆడిన ఆ బ్యాంకాక్ ప్లేయరే తన క్లబ్బుకి పిలిపించాడు. తన తప్పు తనే సెప్పుకునే మనిషి కావాలన్నాడట. అన్నియ్య వెళ్ళాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఆ దేశం పౌరుడయ్యాడు. ఇరవై ఏళ్ళ పైన ప్రొఫెషనల్‌గా ఆడాడు. ఆళ్ళ పేపర్లు "థాయ్ గోల్ఫర్" అని రాసేవి.

సిన్న కప్పులు రెండు వచ్చాయి. పెద్దది ఎప్పుడూ రాలేదు. అయినా ఏ ఏడూ ఆట మానలేదు. సాలదేట్రా మనవడా?

అంత్యక్రియలు అక్కడ కొన్ని రోజులు జరుగుతాయట. వదిన నాకోసం ఆగుతానన్నాది. మా అబ్బాయి "ఈ మోకాళ్ళతో ఒక్కదానివీ ఎలా వెళ్తావు, వీడియో కాల్‌లో సూడొచ్చు కదా" అంటన్నాడు. సూడను. రేపు బయల్దేరతన్నాను. ఎవరూ అడ్డం చెప్పొద్దు.

అన్నియ్య ఏటా ఫోన్ చేసి "ఒక్కసారి రావే అమ్మీ" అనేవాడు. మోకాళ్ళ నొప్పులని సెప్పేదాన్ని. నొప్పులు కాదు. విమానమంటే భయం, బద్ధకం, మా అన్నియ్య ఎక్కడికి పోతాడులే అన్న ధీమా. ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు కూడా.

తప్పు నాదే అన్నియ్యా.

వస్తన్నాను. హాయిగా పడుకో. ఆ సింహాద్రి అప్పన్న నీకు తోడుండాల.