మైకుకు ఎక్కని మాట

విమానాల షెడ్డులో ఆమెను అందరూ పాముచెవులక్క అనేవారు. తిరుగుతున్న ఫ్యాను పక్కన నిలబడి బేరింగు అరిగిందో లేదో చెప్పేస్తుందని పేరు. కాక్‌పిట్‌లో పైలట్ల మాటలు రికార్డు చేసే పెట్టె ఉంటుంది కదా, దాన్ని పరీక్షించి సంతకం పెట్టడం ఆమె పని. ఈమధ్య ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే చాలు, ఆమెకు ముచ్చెమటలు పోస్తున్నాయి. కుడి చెవి మొద్దుబారిపోయింది. ఎడమది కూడా అదే దారి పడుతోందేమోనని బెంగ. ఇంట్లో సైతం నోరు విప్పలేదు. సంతకం పెట్టే హక్కు పోతే ఇక తనకు మిగిలేదేముంది?

ఆ పొద్దున ప్రయాణికుల బస్సు విమానం దగ్గరికి వచ్చేసింది. కాక్‌పిట్‌లో ఆమె వెనకాల కెప్టెన్ గడియారం చూసుకుంటున్నాడు. పక్కన మరిది, అతనూ అదే జట్టులో మెకానిక్కు. ఆమె టెస్ట్ బటన్ నొక్కింది. మీటరు సూది ఆకుపచ్చ గీతలోకి వచ్చి నిలిచింది. హెడ్‌సెట్ తగిలించుకుని, నెత్తిమీద కప్పులో ఉన్న మైకు వైపు చూస్తూ "ఒకటి, రెండు, మూడు" అంది. క్షణం ఆలస్యంగా తన గొంతు తనకే తిరిగి వినబడాలి. రాలేదు. ఎడమ చెవికి గట్టిగా అదుముకుంది. ఏదో గుయ్యిమంది, అంతే.

చెడింది మైకా, తన చెవా? కిందటి వారం ఇలాగే అనుమానపడి పెట్టె విప్పించింది. విమానం ఆలస్యమైంది. తీరా చూస్తే పెట్టె నిక్షేపంగా ఉంది. సూపర్‌వైజర్ అందరి ముందూ కడిగేశాడు.

"అయిందాండీ?" అన్నాడు కెప్టెన్.

"సూది పచ్చలోనే ఉందిగా వదినా, సంతకం పడేయ్," అన్నాడు మరిది మెల్లగా.

పెట్టెకు ప్రాణముందని చెబుతుందే తప్ప, మైకు మాటలు అందుకుంటోందో లేదో సూది చెప్పదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పెన్ను తీసింది. రేపు ఈ విమానానికి ఏదైనా అయితే, ఇక్కడ పైలట్లు చివరగా ఏమనుకున్నారో ఎవరికీ తెలియకుండా పోతుంది. చెయ్యి ఆగిపోయింది. హెడ్‌సెట్ తీసి మరిది తలకు పెట్టింది.

"నువ్వు విను."

"నీ చెవులుండగా నావెందుకు?"

ఆమె మైకు వైపు తలెత్తింది. ఒకటి, రెండు అనబోయింది. వచ్చిన మాట వేరు.

"నాకు కుడి చెవి వినబడదు. చాన్నాళ్లుగా దాస్తున్నాను."

కెప్టెన్ తల తిప్పి చూశాడు. మరిది ముఖం పాలిపోయింది. "అదేంటి వదినా!"

"హెడ్‌సెట్లో వచ్చిందా, లేదా? అది చెప్పు."

"లేదు. నీ నోట్లోంచే విన్నా. ఇందులో చప్పుడే లేదు."

చెడింది మైకే. కొత్తది బిగించారు. ఈసారి మరిది చెవిలో మాటలు స్పష్టంగా మోగాయి. పరీక్ష మాటలు చెరిపేయడం అక్కడ రివాజు. పార్కింగ్ బ్రేకు వేసి ఉంటేనే అవి చెరుగుతాయి. అది చూసుకుని, మరిది ఎరేజ్ బటన్ నొక్కిపట్టాడు. చెరిగిందని చెప్పే కూత వినబడ్డాక ఆమె వైపు వంగాడు.

"అంతా చెరిపేశా వదినా. నేనేమీ వినలేదు, సరేనా?"

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆమెకు నవ్వొచ్చింది. "పిచ్చోడా, చెరపడానికి అది ఎక్కితేగా! అప్పుడు మైకు చచ్చి ఉంది. విన్నది మీరిద్దరే."

సంతకానికి వేరే ఇన్‌స్పెక్టరును పిలిపించి, తిన్నగా సూపర్‌వైజర్ గదికి నడిచింది. అతను కడగలేదు, కుర్చీ చూపించాడు.

సాయంత్రం విషయం విని మొగుడు ఆమె ఎడమవైపుకి జరిగి కూర్చున్నాడు. "అయితే ఇన్నాళ్లూ పిలిస్తే పలకనిది పొగరు కాదన్నమాట," అన్నాడు.

"కొంత పొగరే," అందామె.

కుడి చెవి నరం దెబ్బతింది, ఎడమది బాగానే ఉందన్నాడు డాక్టరు. సంతకం హక్కు పోయింది. వారం రోజులు మంచం దిగలేదు. తర్వాత వర్క్‌షాపులో, విప్పి తెచ్చిన రికార్డర్లను బాగుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మెల్లగా పనిలో పడింది. కొత్తగా చేరినవాళ్లను పని నేర్చుకోవడానికి ఇప్పుడు ఆమె దగ్గరికే పంపుతున్నారు.