కెప్టెన్ రాయికి పెట్టిన బొట్టు

మా వీధి మొదట్లో నాచు పట్టిన పెద్ద రాయి ఒకటి ఉంది. న్యూ హాంప్‌షైర్‌కి మారిన కొత్తలో దాని మీద అక్షరాలున్నాయని కూడా నేను గమనించలేదు. కొత్త కారుకి పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టడానికి గట్టి చోటు వెతికితే అదే కనిపించింది. కాయ కొట్టాక చెయ్యి ఊరుకోదు కదా, రాయికీ పసుపు రాసి దండిగా కుంకుమ పెట్టాను. ఎదురింటి పెద్దావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం వాన పడింది. మర్నాటికి కుంకుమ కారి రాయి ముందంతా ఎర్రబడింది. టౌన్ గ్రూప్‌లో ఫొటోలు, ఒకటే గగ్గోలు. అది వలసకాలంలో ఊరివాళ్లతో కట్టిన సాయుధదళానికి, అంటే మిలీషియాకి, కెప్టెన్‌గా ఉన్నవాడి స్మారకమని అప్పుడు తెలిసింది. ఇక్కడి మూలవాసులైన అబెనాకీల మీదికి దండు తీసుకెళ్లి, వాళ్ల నెత్తిచర్మాలు కోసుకొచ్చి బహుమానం పుచ్చుకున్న వీరుడట. ఎవరో పగబట్టి రక్తంలా రంగు పోశారని జనం తేల్చేశారు. పోలీసులు కూడా దిగారు.

"గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉందండీ. మీరు నోరు మూసుకుని ఉండండి," అంది మా ఆవిడ.

నా అనుమానమంతా ఎదురింటావిడ మీదే. చూసింది తనొక్కతే. పోస్ట్‌బాక్స్ దాకా నడిచినా ఫిర్యాదు పంపుతోందనిపించేది. పోలీసు కారు వాళ్లింటి ముందు ఆగిన రోజు నాకు అన్నం సహించలేదు. రెండు రోజులైనా మా తలుపు ఎవరూ తట్టలేదు. అదీ అనుమానమే, సాక్ష్యాలు కూడబెడుతున్నారని.

మూడో వారం గ్రూప్‌లో చదివాను. ఎదురింటావిడ అబెనాకీ మనిషి. రాయి మీది రాత మార్చమని అంతకుముందే టౌన్ మీటింగ్‌లో అడిగిందట. కాబట్టి ఆ పని ఆవిడదేనట. లైబ్రరీలో పిల్లలకి కథలు చదివే పని కూడా మాన్పించారట. సిగ్గుతో చచ్చిపోయాను.

వెళ్లి తలుపు కొట్టి, తడబడుతూ పూజ సంగతంతా చెప్పాను.

"తెలుసు. చూశాను," అంది.

"మరి పోలీసులకి చెప్పలేదేం?"

"ఎవరు చేశారని వాళ్లు అడగలేదు. నేనెందుకు చేశానని అడిగారు. నువ్వే వస్తావేమోనని మూడు వారాలు చూశాను."

ఇప్పుడే స్టేషన్‌కి వెళ్లి చెప్తానన్నాను. ఆవిడ కోటు తగిలించుకుని నాతో బయల్దేరింది. తోడు రానక్కర్లేదన్నాను.

"తోడు కాదు," అంది. "నువ్వు నిజంగా లోపలికి వెళ్తావో లేదో చూడాలి."