ఏడో గడిలో సున్నా

ముత్తంగి కూడలిలో కారు అద్దం దించితే చాలు, మందుల ఫ్యాక్టరీల ఘాటు ముక్కుకు తగులుతుంది. సగం తీపి, సగం చేదు. పక్కనున్నవాళ్లు అద్దం ఎక్కించమంటారు. నాకు మాత్రం మల్లయ్య బాబాయ్ గుర్తొస్తాడు.

ఆయన అమీన్‌పూర్ మనిషి. పొలం ప్లాట్లయ్యాక మా ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరాడు. మందు ఉడికే పెద్ద ఉక్కు రియాక్టర్లు పన్నెండు ఆయన చేతికింద ఉండేవి. గంటగంటకూ ఒకటో నంబరు నుంచి పన్నెండు దాకా నడిచి, ప్రతిదాని మీటరూ చదివి, పైపు దగ్గర చెయ్యి తిరగేసి పెట్టి వేడి చూసేవాడు. ఆ వేడిని కంప్యూటర్ తెరమీద చూపించే ప్రోగ్రాం రాయడానికి నేను చేరాను. మొదటి వారమంతా నన్ను వెంటేసుకు తిరిగాడు. ఒకరోజు నేను మూడోదాన్ని వదిలి నాలుగోదాని దగ్గరికి వెళ్తుంటే ఆపాడు. "బాగనే ఉంటదని దాటిపోకు బిడ్డా. సూసినంకనే బాగున్నట్టు," అన్నాడు. ఆయన నడక చూసే నా లూపులు రాశాను, అంకెల వరుసను మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయే కోడ్.

జావాస్క్రిప్ట్‌లో టైప్డ్ అర్రే అని అంకెల వరుస ఒకటుంది. ఎన్ని గడులో ముందే చెప్పాలి. అంకె రాని గడి ఖాళీగా ఉండదు, అందులో సున్నా ఉంటుంది. రియాక్టర్‌కొకటి చొప్పున పన్నెండు చాలు, కానీ ముందుముందు పనికొస్తాయని పదహారు గడులు పెట్టాను. వేడి తేడాగా ఉన్న గడి ఎర్రబడేలా రాశాను కాబట్టి, చివరి నాలుగు సున్నాలూ తెరమీద ఊరికే ఎర్రగా వెలుగుతుంటే విసుగొచ్చి, సున్నా కనబడితే దాటెయ్యమని ఒక్క వాక్యం రాశాను. తెరంతా పచ్చబడింది. ఎంత మురిసిపోయానో!

ఆ ఎండాకాలం ఆయనకు మోకాళ్లు వాచాయి. "మీరు తిరగొద్దు బాబాయ్, తేడా వస్తే తెరే చెబుతుంది," అన్నాను. నా మాట మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే ఏడో రియాక్టర్ వేడిని కొలిచి పంపే సెన్సర్ చెడిపోయి సున్నా పంపడం మొదలుపెట్టింది. నా లూపు దాన్ని దాటిపోయింది. లోపల వేడి పెరుగుతున్నా తెర పచ్చగానే ఉంది. మూత దగ్గర చప్పుడు విని కుంటుతూ పరుగెత్తింది ఆయనే. ఆవిరి ఆయన మీదికే ఎగదన్నింది.

ఆసుపత్రిలో మొహం తప్ప ఒళ్లంతా కట్లే. తెరమీద ఏడో నంబరు ఏం చూపించిందని అడిగాడు. సున్నా వచ్చిందనీ, దాటెయ్యమని రాసింది నేనేననీ చెప్పేశాను.

"సున్న వస్తే పోయి సూడాలె గద బిడ్డా," అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడో రోజు పోయాడు.

విచారణ కాగితంలో సెన్సర్ చెడిందని రాశారు. నా వాక్యం సంగతి ఎవరూ అడగలేదు. అడగలేదని నేనూ ఊరుకున్నాను. దానికి నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

ఇప్పుడు వేరే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నా లూపు ఏ సున్నానీ దాటదు. తెర ఎర్రబడినప్పుడల్లా లేచి రియాక్టర్ దాకా నడుస్తాను, పైపు దగ్గర చెయ్యి తిరగేసి పెడతాను. చాలాసార్లు అంతా బాగానే ఉంటుంది. అయినా తర్వాతిదాని దగ్గరికి కూడా వెళ్తాను.