బాజీ బేరోమీటర్

సత్తెనపల్లిలోని ఒక ఆసుపత్రిలో మత్తు టెక్నీషియన్ బాజీ, పొద్దున్నే ఆపరేషన్ థియేటర్ తెరవగానే గోడకున్న బేరోమీటర్ ముందు నిలబడతాడు. అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టి, ముల్లు కుదురుకున్నాక ఆ అంకెను పలక మీద సుద్దతో రాస్తాడు. లేహ్ కొండల మీద, సైనిక ఆసుపత్రిలో అబ్బిన అలవాటది. అక్కడి గాలి పలచన. మత్తుమందు ఆవిరి, యంత్రం మీద తిప్పి పెట్టిన గుర్తు కన్నా ఎక్కువ శాతం వచ్చేది. దాని ఒత్తిడి మాత్రం మారదు కనుక మనిషికి పట్టే నిద్ర అంతే. ఈ మిరప చేల మైదానంలో ఆ లెక్కతో పనే లేదు. "ఏం బాజీ గారూ, తెల్లారేసరికి ఊరేమన్నా పైకి లేచిందా?" అని డాక్టర్ బిందుమాధవి నవ్వితే ఆయనా నవ్వుతాడు. సాయంత్రం పలక తుడిచి ఇంటికెళ్లి ఆ అంకెను భార్య కరీమున్‌కు చెప్పేవాడు. ఏమీ అర్థం కాకపోయినా ఆమె బియ్యం చెరుగుతూ "మంచిదేనా?" అని అడిగేది. ఆమె పోయి రెండేళ్లు.

మొన్న కోటిరత్నం అనే కూలీ మనిషి పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వచ్చింది. మిరపకాయలు కోసి కోసి ఎర్రబడ్డ వేళ్లతో బల్ల అంచు పట్టుకుని, "నిద్రలోనే పోతానేమోనయ్యా" అంది. కాసేపటికి, "ఆ పలక మీద ఏందది?"

"గాలి బరువమ్మా. ఏడు వందల యాభై నాలుగు."

"మంచిదేనా?"

మాస్కు పట్టుకున్న బాజీ చెయ్యి ఆగింది. అప్పటికే సరిచూసిన గుర్తును మళ్లీ చూశాడు. "మంచిదేనమ్మా," అన్నాడు.

మధ్యాహ్నానికి కోటిరత్నం కళ్లు తెరిచింది. ఆ సాయంత్రం బాజీ పలక తుడవలేదు.