చేతి మీద పెన్ను గీత

మా అలియాబాద్ వీధికి ప్రతి ఆదివారం శామీర్‌పేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ పోయిన గురువారం గుండెనొప్పితో చనిపోయింది. నాకంటే పదేళ్ళు చిన్నది. నేను ఆమెకు చేసిన అన్యాయం, ఆమె నాకు చేసిన మేలు వీధిలో అందరికీ తెలిసినవే. అయినా ఉన్నదున్నట్టు రాసిపెట్టాలి.

రెండేళ్ళ కింద నా చేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ముందురోజు ఆమె ఇచ్చిన బొచ్చె చేప తిన్నాను. ఇంకేమీ ఆలోచించకుండా, ఆమె చేపలు కొనవద్దని ఇంటింటికీ చెప్పాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నా మాట నమ్మారు. ఆ గంప మీదే ఆమె ఇల్లు నడిచేది. మూడు ఆదివారాలు గంప దించకుండానే వెళ్ళిపోయింది.

నాలుగో ఆదివారం తిన్నగా మా గేటు దగ్గరికి వచ్చింది. కొట్లాటకే అనుకున్నాను.

"చెయ్యి సూపియ్యి టీచరమ్మా. నా చేప తినక మూడు వారాలాయె. ఇంక లేస్తున్నయేంది?"

చెయ్యి చాపాను. దద్దుర్లు లేస్తే అందరూ చేసేటట్టే గొంగడితో రుద్దానని, రుద్దినకొద్దీ మంట పుట్టిందని చెప్పాను.

"దురద లేదా?"

"లేదు. మంటే."

"నా బిడ్డకు సల్లగాలి తగిలితే దద్దులు లేస్తయి, గంట రెండు గంటలల్ల మాయమైతయి. గిది గా తీరు లేదు. దీని సుట్టు పెన్నుతోని గీత గీసి టైం రాసుకో. పాలాయన ఐదు నిమిషాలు లేటైతేనే రాస్తవ్ గదా!"

గీశాను. పక్కన టైం రాశాను, తొమ్మిదీ పది. మర్నాడు అదే టైంకి గంప లేకుండా వచ్చింది. గీత లోపల దద్దు అట్లాగే ఉంది, కొంచెం నల్లబడింది.

"ఇగ పట్నం దవాఖానకు నడువు" అంది.

అక్కడ చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేశారు. చర్మంలోని సన్నటి రక్తనాళాలు వాచే అరుదైన జబ్బట. చూడటానికి మాత్రం దద్దుర్లలాగే ఉంటుందట. చేపకూ దీనికీ సంబంధం లేదన్నారు.

తర్వాతి ఆదివారం ఆమె వెంట ప్రతి గేటు దగ్గరికీ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను.

"పోరగాండ్లతోని గుంజీలు తీపిచ్చిన టీచరమ్మ ఇయ్యాల నా ఎంబడి తిరుగుతాంది, సూడుండ్రి!" అని నవ్వింది. చివరి గేటు దగ్గర నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే, "ఇగ సాలు గని, గంపకు చెయ్యెయ్యి" అంది. ఇద్దరం కలిసి ఆమె తల మీదికి ఎత్తాం.

అప్పటినుంచి ముందు నా చెయ్యి చూసేది, తర్వాతే గంప దించేది.

ఈ శనివారం మళ్ళీ ఒక దద్దు లేచింది. చుట్టూ గీత గీసి టైం రాశాను. ఆదివారం అదే టైంకి గేటు కమ్మీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.