ఆడేవాళ్లు లేని ఆట

తొంభైల చివర్లో ఒక సాయంత్రం ఉప్పల్‌లో నాచారం బస్సెక్కాను. చేతిలో కొత్త గేమ్ సీడీ ఉంది. పక్క సీట్లోని ఆయన దాన్ని చూసి, "గిదేం ఆట తమ్మీ?" అని అడిగాడు.

"రోల్ ప్లేయింగ్ అన్నా. అందుల మనమే ఒక మనిషి. ఆడినకొద్ది వానికి బలం పెరుగుతది."

"ఆడకపోతే?"

"ఆపినకాడనే ఉంటడు."

ఆయన నా చేతిలోని సీడీ వైపే చూస్తూ అన్నాడు.

"మా తమ్ముడు గిసొంటి ఆటల తన పేరే పెట్టుకున్నడు. జరమొచ్చి చనిపోయిండు. వాని పేరు సూద్దామని అప్పుడప్పుడు కంప్యూటర్ తెరుస్త. నాకు గానీ, ఇంట్ల ఇంకెవ్వరికి గానీ ఆడరాదు. అయినా ఆటల వాని బలమైతే పెరుగుతనే ఉన్నది."

నాచారంలో ఆయన దిగిపోయాడు.

ఆ ఆటలు నేనిప్పటికీ ఆడతాను. మొదలుపెట్టగానే పేరు అడుగుతాయి. నా పేరు మాత్రం ఇవ్వను.